మా ఊరి శాంతి పురస్కారం ఎవరికివ్వాలి? సలహా కావాలి

రిటైర్డ్ పోస్టుమాస్టరు:

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లాలో రాయదుర్గం వైపు ఒక ఊరు. పేరు చెప్పను, ఎందుకో చదివితే మీకే అర్థమవుతుంది. 34 ఏళ్ళు పోస్టాఫీసులో చేసి రిటైరయ్యాను. ఖాళీగా ఉన్నానని గ్రంథాలయం కమిటీకి కార్యదర్శిని చేశారు. ఇన్నాళ్ళూ నాకున్న పెద్ద టెన్షన్ పేపర్లో సినిమా పేజీ ఎవరు చింపుకుపోతున్నారన్నదే. ఇప్పుడు ఇంకోటి నెత్తిన పడింది.

మా ఊరివాడే ఒకాయన బెంగుళూరులో వ్యాపారం చేసుకుంటున్నాడు. వాళ్ళ నాన్న పేరు మీద 50,000 రూపాయలిచ్చి, ఊళ్ళో మతసామరస్యం కోసం పాటుపడినవాళ్ళకి సన్మానం చేయమన్నాడు. శాలువా, జ్ఞాపిక, బస్టాండులో ఫ్లెక్సీ. కమిటీలో కూర్చున్నది ముగ్గురం. వచ్చినవి మూడు పేర్లు.

మూడేళ్ళ కింద నిమజ్జనం రోజు ఏం జరిగిందో చెప్తే గానీ ఈ పేర్లు మీకు అర్థం కావు. ఊరేగింపుని మసీదు ముందర అరగంట నిలబెట్టేశారు. డీజే మోత మోగిపోతోంది. సందులోంచి రాయి వచ్చింది. పదమూడేళ్ళ పిల్లోడి తల పగిలింది. రాత్రి తొమ్మిదికల్లా ఫోన్లలో ఆ పిల్లోడు చచ్చిపోయాడు. నిజానికి ఆస్పత్రిలో కుట్లు వేయించుకుంటున్నాడు. రెండు తోపుడుబండ్లు తగలబెట్టారు. నాలుగు రోజులు 144 సెక్షను.

మొదటి పేరు శాంతి కమిటీ పెద్దాయన. చవితికీ రంజానుకీ స్టేషన్లో మీటింగ్ అంటే ముందు వరసలో ఉంటాడు. టీ, బిస్కెట్లు, ఎస్సై గారితో ఫోటో. నాకు ఆయన మీద పెద్ద గౌరవం లేదని ఒప్పుకుంటాను.

రెండోది మైక్‌సెట్ అద్దెకిచ్చే ఆయన. గణపతి మంటపానికీ, ఉరుసుకీ, పీర్ల పండక్కీ, పెళ్ళికీ, చావుకీ అన్నిటికీ ఆయన సెట్టే. ఆ రోజు డీజే కూడా ఆయనదే. రాయి పడ్డాక అందరూ అరుస్తున్నారు, ఎవరేమంటున్నారో ఒక్కరికీ వినపడట్లేదు. ఆయన వ్యాను వెనక్కి పోయి జనరేటరు ఆపేశాడు. నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. అంత మోత ఒక్కసారి పోయేసరికి చెవులు గుయ్‌మన్నాయి. మసీదు లోపల కాళ్ళు కడుక్కునే చోట కుళాయి కారుతున్న చప్పుడు వినపడింది. అప్పుడు కదా పెద్దవాళ్ళ గొంతులు పైకి లేచాయి, "పదండ్రా ముందుకి" అని. బండి కదిలింది. డీజే ఎందుకు ఆపావని మా కుర్రాళ్ళు ఆయన్ని అక్కడే కొట్టారు. ఇంటికి పోతుంటే డీజే తెచ్చింది వీడేనని అవతలివాళ్ళు వ్యాను అద్దాలు పగలగొట్టారు. ఆంప్లిఫయర్ పోయింది. ఆ రోజు బాడుగ ఈనాటికీ రాలేదు.

మూడోది జీన్స్ షెడ్డులో కుట్టే ఆడవాళ్ళు, ఏడుగురో ఎనిమిదిమందో. ఆ రాత్రి వాళ్ళల్లో ఒకామె ఆస్పత్రికి పోయి ఆ పిల్లోడి వీడియో తీసింది. తలకి కట్టు, చేతిలో ఉగ్గాని పొట్లం. పిల్లోడు బజ్జీ కొరుకుతూ "నేను బాగుండా, నాకేం కాలే" అంటున్నాడు. పదకొండింటికల్లా ఆ వీడియో రెండు వైపుల గ్రూపుల్లోకీ వెళ్ళిపోయింది. నాకు తెలిసి ఆ రాత్రి ఇళ్ళు కాలకుండా ఆపింది ఆ బజ్జీయే.

ఎవరికివ్వాలి? ముగ్గురికీ పంచాలా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

జీవో నంబరు:

సచివాలయంలో సెక్షను ఆఫీసరుగా చేశాను కాబట్టి ముందు రూలు చెప్తాను, తిట్టుకోకండి.

కేంద్ర ప్రభుత్వం 1990లో కబీర్ పురస్కారం పెట్టింది. అల్లర్లలో ఒక మతంవాళ్ళో కులంవాళ్ళో ఇంకో మతం, కులంవాళ్ళ ప్రాణాలూ ఆస్తులూ కాపాడితే ఇచ్చేది. డ్యూటీలో ఉన్న పోలీసులకీ సైన్యానికీ అది వర్తించదు, ఎందుకంటే కాపాడటం వాళ్ళ ఉద్యోగం. నాకు నచ్చిన పాయింటు అదే. తన పని కానిది నెత్తికెత్తుకున్నవాడు ఎవరన్నది చూడాలి. ఆ లెక్కన శాంతి కమిటీ పెద్దాయన కన్నా మైక్‌సెట్ ఆయనే ముందుంటాడు. డీజే మోగించడమే ఆయన పని, ఆపడం కాదు. ఆడవాళ్ళకి ఇవ్వాలంటే ఒక్కొక్కరి పేరున కాకుండా గుంపుగా ఇవ్వండి. కేంద్రమే ఇంకో మతసామరస్య పురస్కారం కూడా పెట్టింది, అది వ్యక్తులకీ సంస్థలకీ ఇవ్వడానికి పెట్టినదే.

ఇక రూలు పక్కన పెట్టి ఒక మాట. ఎస్.ఆర్. శంకరన్ గారు గుర్తున్నారా? 1987 డిసెంబరులో తూర్పు గోదావరి ఏజెన్సీలో గుర్తేడు దగ్గర పీపుల్స్ వార్ వాళ్ళు ఐఏఎస్ అధికారుల్ని ఎత్తుకెళ్ళారు, అందులో ఆయనా ఒకరు. పదేళ్ళ తర్వాత పౌర స్పందన వేదికకి కన్వీనరుగా ఉండి, అటు ప్రభుత్వాన్నీ ఇటు నక్సలైట్లనీ మాటలకి కూర్చోండని ఏళ్ళ తరబడి అడిగింది కూడా ఆయనే. తనని ఎత్తుకెళ్ళినవాళ్ళతోనే అన్నమాట. కన్నబిరాన్, పొత్తూరి వెంకటేశ్వరరావు, హరగోపాల్ లాంటివాళ్ళు ఆయనతో ఉన్నారు. 2004 అక్టోబరులో హైదరాబాదులో చర్చలు జరిగాయంటే వెనక ఆ పని ఉంది. చర్చలు నిలవలేదు, అది వేరే కథ. 2005లో ఆయనకి పద్మభూషణ్ ప్రకటిస్తే వద్దన్నారు.

అందుకని మీ జాబితాలో "వద్దంటే ఏం చేయాలి" అనే గడి కూడా ఒకటి పెట్టుకోండి.

శాలిబండ:

పోస్టుమాస్టరు గారూ, ముగ్గురి పేర్లు రాశారు గానీ ఆ ముగ్గుర్నీ అడిగారా? మీ పోస్టులో అది ఎక్కడా కనపడలేదు.

నేను పుట్టింది పెరిగింది హైదరాబాదు పాతబస్తీలో, శాలిబండలో. నాన్నకి కిరాణా కొట్టు. 1990 డిసెంబరు నాటికి నాకు ఇరవై ఆరేళ్ళు. ఆ నెలలో పాతబస్తీ మత అల్లర్లలో వందమందికి పైగా పోయారు, ముఖ్యమంత్రి మారిపోయాడు, కర్ఫ్యూ సడలించిన కాసేపట్లో పాలూ ఉప్పూ తెచ్చుకోవాలి. అవన్నీ మీరు పేపర్లో చదివే ఉంటారు. పేపర్లో రానిది మా గల్లీ మొదట్లో ఉన్న రెండు కుర్చీలు.

ఒక కుర్చీలో యునానీ మందులిచ్చే హకీం సాబ్. ఇంకో కుర్చీలో చింతపండు హోల్‌సేల్ చేసే తాత. మధ్యలో స్టూలు, స్టూలు మీద పచ్చీసు గుడ్డ, ఒక లాంతరు. పోలీసు జీపు వస్తే కుర్చీలతో సహా లోపలికి జరిగేవాళ్ళు, జీపు పోతే మళ్ళీ బయటికి. శాంతి గురించి వాళ్ళు ఒక్క ముక్క మాట్లాడగా నేను వినలేదు. తిట్టుకునేవాళ్ళు కూడా, గవ్వలు దొంగాట ఆడుతున్నావని. కానీ ఆ గల్లీలోకి ఎవరొచ్చినా ఆ స్టూలు పక్కనుంచే రావాలి. మన పిల్లలెవరో బయటి పిల్లలెవరో వాళ్ళిద్దరికీ మొహం చూస్తే తెలుసు. "ఎవరి అబ్బాయివి నాయనా?" అని తాత అడిగేవాడు, అదే మాట హకీం సాబ్ ఉర్దూలో అడిగేవాడు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పి లోపలికొచ్చి రాయి వేసే ధైర్యం ఎవడికుంటుంది? మా గల్లీలో ఒక్క తలుపు కూడా విరగలేదు.

కొన్నేళ్ళ తర్వాత ఎవరో కనుక్కుని సభ పెట్టారు. ఎవరో చెప్పను. తాతని పిలిచి దండేశారు, పేపర్లో ఫోటో వేయించారు. హకీం సాబ్‌ని పిలవడం మర్చిపోయారో, పిలవకూడదనుకున్నారో నాకు తెలీదు. హకీం సాబ్ ఏమీ అనలేదు. ఆ మర్నాటి నుంచి కుర్చీలోకి రాలేదు, అంతే. తాత నాలుగు రోజులు ఒక్కడే కూర్చున్నాడు. అవతలి వీధిలో "వాళ్ళ మనిషి" అనే మాట మొదలైంది. తర్వాత ఆయనా లేచిపోయాడు. ఆ పచ్చీసు గుడ్డ మా నాన్న కొట్లో చాన్నాళ్ళు పడి ఉంది.

ఆ అల్లర్ల తర్వాతే పాతబస్తీలో కోవా లాంటి సంస్థలు మొదలయ్యాయి. నేనూ కొన్నాళ్ళు ఒక చిన్న సంస్థలో తిరిగాను. అక్కడ నేర్చుకున్నది ఏంటంటే, రెండు మతాల ఆడవాళ్ళని పిలిచి "సామరస్యం" అంటే పదిమంది వస్తారు. "కుట్టు మిషను" అంటే అరవైమంది వస్తారు. మీ జీన్స్ షెడ్డు కథ చదివి నవ్వుకున్నాను.

మీ శాంతి కమిటీ పెద్దాయన గురించి మాత్రం కాస్త తొందరపడ్డారనిపించింది. ఆ ఫోటోలూ బిస్కెట్లూ నాకూ పడవు. కానీ అర్ధరాత్రి పదిమంది కుర్రాళ్ళని ఎత్తుకొస్తే స్టేషనుకి పోయి "వీడు మా పక్కింటోడు సార్, ఆ టైముకి ఇంట్లోనే ఉన్నాడు" అని చెప్పడానికి మొహం తెలిసిన మనిషి ఒకడుండాలి. ఆ మొహం ఆ బిస్కెట్ల దగ్గరే తెలిసేది. మీ ఊళ్ళో కేసులు ఎంతమంది మీద పెట్టారు, ఎంతమందిని వదిలేశారు, కనుక్కోండి.

ఇంకో రకం పని కూడా ఉంది, దానికి దండ ఎవరి మెడలో వేయాలో నాకు అర్థం కాదు. 2023లో గణేశ్ నిమజ్జనం, మిలాదున్నబీ రెండూ సెప్టెంబరు 28నే వచ్చాయి. హైదరాబాదులో ముస్లిం పెద్దలు కూర్చుని మిలాద్ జులూస్‌ని అక్టోబరు 1కి మార్చుకున్నారు. 2024లో మళ్ళీ ఒక రోజు తేడాతో వస్తే మళ్ళీ వెనక్కి జరుపుకున్నారు. ఏమీ జరగలేదు కాబట్టి వార్త అయిపోయింది, జనం మర్చిపోయారు. తమ పండగ ఊరేగింపు తేదీ మార్చుకోవాలంటే సొంతవాళ్ళ దగ్గర ఎన్ని మాటలు పడాలో ఆలోచించండి.

గుంతకల్లు ప్యాసింజర్:

శాలిబండ అన్నా, బాగా రాసినావు గానీ నేను ఒప్పుకోను. రాయి వేసినోడికి జైలు నుంచి వస్తే ఊరేగింపు. వాడి పుట్టినరోజుకి బస్టాండు నిండా ఫ్లెక్సీలు, నల్లకళ్ళద్దాలు, పక్కన పులి బొమ్మ. ఆపినోళ్ళు మాత్రం గుట్టుగా ఉండాలా? ఇంక పిల్లోళ్ళు ఎవర్ని చూసి నేర్చుకుంటారు? మైక్‌సెట్ ఆయనకి ఫ్లెక్సీ వేయండి సార్, పులి బొమ్మతో సహా. ఊరు చూడనీ.

బెల్‌ఫాస్ట్ నర్సు:

మాది తెనాలి. పదకొండేళ్ళుగా ఉత్తర ఐర్లండులో బెల్‌ఫాస్ట్‌లో నర్సుగా చేస్తున్నాను. ఇక్కడ కాథలిక్కులకీ ప్రొటెస్టెంట్లకీ మధ్య గోడలు ఇంకా ఉన్నాయి. 1998 శాంతి ఒప్పందం అయ్యి పాతికేళ్ళు దాటినా కొన్ని గేట్లు రాత్రయితే మూసేస్తారు. వార్డులో పేషెంటు పేరు వినగానే ఇతను గోడకి ఏ వైపు అని పక్కవాళ్ళు లెక్క కట్టడం నాకే అలవాటయిపోయింది, మన దగ్గర ఇంటిపేరు అడిగినట్టు.

గుంతకల్లు ఆయన అన్నది తప్పు కాదు, కానీ ఇక్కడి సంగతి ఒకటి వినండి. 1976 ఆగస్టులో ఒక కారు అదుపు తప్పి ముగ్గురు పిల్లలు చనిపోయారు. దాన్ని నడుపుతున్న కుర్రాణ్ణి సైనికులు కాల్చడంతో అలా జరిగింది. చూసినామె బెట్టీ విలియమ్స్, పిల్లల పిన్ని మెయిరీడ్ కొరిగన్, కీరన్ మెక్‌కియోన్ అనే జర్నలిస్టు, ఈ ముగ్గురూ కలిసి ఉద్యమం మొదలుపెట్టారు. రెండు వైపుల ఆడవాళ్ళూ వేలల్లో నడిచారు. 1976 నోబెల్ శాంతి బహుమతి మరుసటి ఏడాది ప్రకటించారు, ముగ్గురిలో ఇద్దరికి. ఆ డబ్బు ఇద్దరూ తమ దగ్గరే ఉంచుకున్నారు. బహుమతి వాళ్ళకిచ్చిందే, తప్పనడానికి నేనెవర్ని? కానీ లోపల గొడవలు మొదలయ్యాయి, 1980కల్లా బెట్టీ బయటికి వెళ్ళిపోయింది. మెక్‌కియోన్ పేరు ఇప్పుడు ఇక్కడి కుర్రాళ్ళకి చెప్తే ఎవరంటారు.

దానికన్నా నాకు నచ్చినది ఇంకోటి. 1990ల్లో ఉత్తర బెల్‌ఫాస్ట్‌లో గోడకి రెండు వైపులా ఉండే వాడకట్టు పెద్దలకి సెల్‌ఫోన్లు ఇచ్చారు. అప్పట్లో సెల్ అంటే అపురూపం కదా. వేసవిలో జులై ఊరేగింపుల టైములో పిల్లలు గోడ దగ్గర గుమిగూడితే ఇటువాళ్ళు అటువాళ్ళకి ఫోన్ చేసేవాళ్ళు. "మావాళ్ళని నేను లోపలికి పంపిస్తున్నా, మీవాళ్ళని నువ్వు పంపించు." అంతే. వాళ్ళకి ఇచ్చింది జ్ఞాపిక కాదు, ఫోను. మీ షెడ్డు ఆడవాళ్ళు చేసింది చదివితే నాకు అదే గుర్తొచ్చింది. వాళ్ళ ఫోను బిల్లు ఎవరు కడుతున్నారో?

రిటైర్డ్ పోస్టుమాస్టరు:

పది రోజులు జవాబివ్వలేదు, క్షమించండి. శాలిబండ గారు అడిగిన ప్రశ్నకి సిగ్గేసింది. నేను ఎవర్నీ అడగలేదు. వెళ్ళి అడిగొచ్చాను.

ముందు షెడ్డుకి పోయాను, మధ్యాహ్నం అన్నాల టైములో. అక్కడ పని ఎట్లుంటుందంటే, జేబు కుట్టేది ఒకామె, జిప్పు వేసేది ఒకామె, నడుం పట్టీ వేసేది ఇంకొకామె. ఒక్క మిషను ఖాళీగా ఉంటే లైను ఆగుతుంది, పీసు లెక్కన వచ్చే కూలి అందరికీ పోతుంది. గొడవ అయిన వారం షెడ్డు ఓనరు మీకు పొద్దున షిఫ్టు, వాళ్ళకి సాయంత్రం షిఫ్టు అని విడగొట్టబోయాడట. ఆడవాళ్ళే ఒప్పుకోలేదు. ఇదంతా నాకు ఇప్పుడే తెలిసింది. ఈ ఊళ్ళో ముప్పై ఏళ్ళు మనియార్డర్లు పంచిన నాకు.

సన్మానం అనగానే వీడియో తీసినామె చేతిలో ముద్ద కింద పెట్టేసింది. "వద్దు సార్, పేపర్లో యేయొద్దు. ఆ రాత్రి నేను ఎవరెవరికి ఫోన్ చేసినానో మా ఇంట్లో ఈ పొద్దుకీ తెలీదు." పక్కనున్న బీబీ ఒకామె నవ్వి, "శాలువా యెందుకు సార్, ఆ గుడ్డ మాకే ఇచ్చింటే నాలుగు జేబులు కుట్టేవాళ్ళం" అంది. ఏం కావాలమ్మా అని మళ్ళీ అడిగితే చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి వచ్చిన మాట, గ్రంథాలయంలో ఆదివారం పూట ఒక గది. రెండు వీధులవాళ్ళు కూర్చోడానికి ఊళ్ళో గుడీ మసీదూ కాని చోటు ఇంకోటి లేదట. తాళంచెవి వాళ్ళ చేతికిచ్చాను. కమిటీ తీర్మానం తర్వాత రాసుకుంటాం.

శాంతి కమిటీ పెద్దాయన దగ్గరికీ పోయాను. కేసుల సంగతి అడిగాను. లోపలికి పోయి ఒక పాత డైరీ తెచ్చాడు. మొత్తం ఇరవై మూడు పేర్లు. పక్కన టిక్కు పెట్టినవి పదిహేడు, విడిపించినవాళ్ళు. రెండు వైపులవాళ్ళూ ఉన్నారు. ఒక పేరు మా అన్న కొడుకుది. మాకెవరికీ చెప్పలేదేమని అడిగితే, "చెప్తే మీ అన్న వాణ్ణి కొట్టి చంపుతాడు కదప్పా" అన్నాడు. మొదటి పోస్టులో ఈయన గురించి రాసిన ముక్క తీసేయాలని ఉంది గానీ, ఉండనివ్వండి.

మైక్‌సెట్ ఆయన మాత్రం శాలువా తీసుకుంటానన్నాడు. గుంతకల్లు ఆయన సంతోషిస్తారు. "యేయండి సార్, నన్ను కొట్టినోళ్ళు ముందు వరసలో కూచోవాల, అది నేను చూడాల" అన్నాడు. కాసేపాగి, "దానికి ముందు ఆంప్లిఫయర్ బాగు చేయించండి, సభకి మైకు నాదే కదా" అన్నాడు. అనంతపురంలో చూపిస్తే బోర్డు మార్చాలన్నారు, 11,500 చెప్పారు.

బెంగుళూరు ఆయనకి ఇదంతా ఫోన్లో చెప్పాను. గది, తాళంచెవి, డైరీ అన్నీ విన్నాడు. అంతా విని, ఫ్లెక్సీలో వాళ్ళ నాన్న ఫోటో ఎంత సైజులో వస్తుందని అడిగాడు. ఆ బేరం ఇంకా తెగలేదు. ఆంప్లిఫయర్ డబ్బులు మాత్రం నిన్న నా పింఛనులోంచి కట్టేశాను. పురస్కారం ఖాతాలోంచి మళ్ళీ తీసుకోవచ్చా, దానికి రసీదు ఎవరి పేరు మీద ఉండాలి? జీవో నంబరు గారు చెప్పాలి.